రైఫిల్ కన్నా ముందు తూటా: సెమీ ఆటోమేటిక్ ఆయుధాల ఎంపికపై ఒక విశ్లేషణ

2024 జనవరిలో పుణెలో డీఆర్‌డీఓ ‘ఉగ్రం’ అనే కొత్త రైఫిల్‌ను ఆవిష్కరించింది. పుణెలోని ఆయుధ పరిశోధనా విభాగం ఏఆర్‌డీఈ దీన్ని రూపొందించగా, తయారీలో హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ ఇండియా అనే ప్రైవేటు సంస్థ భాగస్వామిగా నిలిచింది. మేఘా ఇంజనీరింగ్ గ్రూపులోని ఐకామ్ సంస్థ కూడా యూఏఈకి చెందిన కారకల్‌తో కలిసి ఈ నగరంలోనే చిన్న ఆయుధాల తయారీకి దిగింది. 1795లో ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాం సైన్యం కోసం ఫిరంగులు పోత పోయించిన గన్‌ఫౌండ్రీ ఉన్న ఊరికి ఆయుధాల తయారీ పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. అయితే ఇలాంటి వార్తల్లో ప్రముఖంగా కనిపించేవి నాలుగు కిలోల లోపు బరువు, 20 తూటాల మేగజైన్, 500 మీటర్ల ప్రభావ దూరం వంటి అంకెలే. వీటన్నింటినీ నిర్ణయించే ‘7.62×51’ అన్న అంకెను (తూటా కొలత: బుల్లెట్ వ్యాసం, కేసు పొడవు మిల్లీమీటర్లలో) మాత్రం చాలామంది చదివి దాటేస్తారు. రైఫిల్‌ను అంచనా వేయడం మొదలు కావలసింది అక్కడి నుంచే.

ముందుగా పదాల సంగతి. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపలి మందు, పైన బిగించిన లోహపు ముక్క అన్నీ కలిసిన పూర్తి కార్ట్రిడ్జ్. బుల్లెట్ అంటే అందులోంచి బయటకు దూసుకుపోయే ఆ లోహపు ముక్క మాత్రమే. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంటే ట్రిగ్గర్‌ను ఒకసారి నొక్కితే ఒకే ఒక్క బుల్లెట్‌ను పేల్చి, ఖాళీ కేసును తానే బయటకు విసిరి, మేగజైన్‌లోని తర్వాతి తూటాను తానే చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా పేలే గదిలోకి) ఎక్కించుకునే ఆయుధం. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ పేలుతూ పోయేది ఫుల్లీ ఆటోమేటిక్. బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే లోహపు భాగం) యాక్షన్ రైఫిల్‌లోనైతే ఈ ఎక్కించే పని, దించే పని మనిషి చేతితోనే జరుగుతాయి.

తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ తూటా మీద పడే భారాన్ని అది రెట్టింపు చేస్తుంది. బోల్ట్ యాక్షన్‌లో తూటా బుల్లెట్‌ను ముందుకు పంపితే చాలు, దాని పని అయిపోయినట్టే. సెమీ ఆటోమేటిక్‌లో అదే తూటా యంత్రాన్ని కూడా నడపాలి; అంటే మందు మండినప్పుడు పుట్టిన వాయువులో కొంత భాగమో, కేసు వెనక్కి నెట్టే బలమో బోల్ట్‌ను కదిలించాలి, స్ప్రింగ్‌ను ముడవాలి, కేసును లాగి పారేయాలి. పీడనం కాస్త తగ్గితే కేసు సగంలో ఇరుక్కుంటుంది. ఎక్కువైతే బోల్ట్ అవసరానికి మించిన వేగంతో వెనక్కి కొట్టుకుని భాగాలు త్వరగా అరిగిపోతాయి. అందువల్ల ‘ఏ రైఫిల్ మంచిది’ అన్న ప్రశ్నకు ‘ఏ తూటాతో’ అన్న ఎదురుప్రశ్న వేయకుండా సమాధానం చెప్పడం కుదరదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ వియత్నాం యుద్ధకాలపు ఎం16 రైఫిల్. తొలి పరీక్షల్లో బాగా పనిచేసిన ఆ ఆయుధం 1960ల మధ్యలో యుద్ధరంగానికి చేరేసరికి జామ్ అవుతోందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఈ రెండు దశల మధ్య మారినవాటిలో ముఖ్యమైనది తూటాలోని మందు. మొదట వాడిన పుల్లల రకం మందుకు బదులు అమెరికా సైన్యం గుండ్ల రకం మందుకు మారింది. కొత్త మందు వాయువు తీసుకునే రంధ్రం వద్ద వేరే పీడనాన్ని ఇచ్చింది, యంత్రం నడిచే వేగాన్ని పెంచింది, పైగా ఎక్కువ మసిని మిగిల్చింది. చాంబర్‌కు క్రోమ్ పూత లేకపోవడం, శుభ్రం చేసుకునే సామగ్రి సైనికులకు సరిగా అందకపోవడం ఆ సమస్యను మరింత పెంచాయి. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ఈ వ్యవహారాన్ని విచారించి సైన్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. రైఫిల్ రూపకల్పన కాగితం మీద అదే అయినా, తూటా మారడంతో ఆచరణలో అది వేరే రైఫిల్ అయిపోయింది. టెండర్ పత్రాల్లో తూటాను ఒక్క వాక్యంతో తేల్చేసే అధికారులు ఈ చరిత్రను ఒకసారి తిరగేయడం మంచిది.

వాయువును వాడుకునే పద్ధతిని బట్టి రైఫిళ్లు ఈ విషయంలో ఒకదానికొకటి భిన్నంగా ప్రవర్తిస్తాయి. ఏకే కుటుంబంలో పొడవాటి పిస్టన్ బోల్ట్ క్యారియర్‌తో కలిసే వెనక్కి కదులుతుంది. దాని బరువు, భాగాల మధ్య వదిలిన ఖాళీ వల్ల మురికిని, తూటాల్లోని హెచ్చుతగ్గులను అది బాగానే తట్టుకుంటుంది. ఎం16 చెందిన ఏఆర్ కుటుంబపు మూల రూపకల్పనలో వాయువు సన్నని గొట్టం ద్వారా నేరుగా బోల్ట్ క్యారియర్‌లోకే వస్తుంది. బరువు తగ్గుతుంది, కదిలే ద్రవ్యరాశి తక్కువ కాబట్టి గురి తక్కువగా చెదురుతుంది, కానీ మసి కూడా లోపలికే చేరుతుంది. భారత పోలీసులకు, సైన్యానికి దశాబ్దాల పాటు పరిచయమైన ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)లో పొట్టి పిస్టన్ ఉంటుంది. దాని పేరులోని ‘సెల్ఫ్ లోడింగ్’ చెప్పేది ఈ వ్యాస విషయాన్నే. బెల్జియం ఎఫ్‌ఎన్ ఫాల్ ఆధారంగా ఇషాపూర్‌లో 1960ల నుంచి తయారైన ఈ రైఫిల్‌కు వాయువు మోతాదును సర్దుకునే రెగ్యులేటర్ ఉండేది. లోపల మురికి పేరుకుని యంత్రం మందగించినప్పుడు దాన్ని తిప్పి ఎక్కువ వాయువును వాడుకోవచ్చు. .22 బోర్ (బ్యారెల్ లోపలి వ్యాసం అంగుళాల్లో) చిన్న రైఫిళ్లలో ఈ ఏర్పాట్లేవీ అవసరం లేదు. బోల్ట్ బరువు, స్ప్రింగ్ బలం, కేసు వెనక్కి నెట్టే శక్తి ఈ మూడింటి మధ్య సమతూకంతోనే పని జరిగిపోతుంది. అందుకే అవి తూటా ఎంపికలో అన్నింటికన్నా పట్టింపు ఎక్కువ ఉన్న రైఫిళ్లు. తక్కువ వేగపు తూటా వేస్తే కొన్ని అసలు తిరిగి లోడ్ కావు.

చట్టం గీసిన గీత

ఎంపిక అన్న మాట హైదరాబాద్‌లో ఎవరికి వర్తిస్తుందో ఇక్కడే స్పష్టం చేయాలి. అమెరికా వెబ్‌సైట్లు, వీడియోలు చూసి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ దుకాణంలో కొనుక్కునే వస్తువని అనుకునేవారు మన దగ్గరా ఉన్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం నిషిద్ధ ఆయుధాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎవరూ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులను, పిస్టళ్లను పక్కన పెడితే సెమీ ఆటోమేటిక్ తుపాకులు నిబంధనల షెడ్యూలులో నిషిద్ధ ఆయుధాలుండే మొదటి వర్గంలోకే వస్తాయి, సైనిక 7.62, .303 తూటాలను పేల్చగల రైఫిళ్ల పరిస్థితీ అదే. 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచినా, ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. నిషిద్ధ ఆయుధాన్ని అక్రమంగా ఉంచుకున్నవారికి శిక్షను 7 నుంచి 14 ఏళ్ల వరకు పెంచింది. నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనర్‌ది. ఆ లైసెన్సు మీద సాధారణ పౌరుడికి రైఫిల్ రూపంలో దొరికేది .315 లేదా .30-06 బోర్ బోల్ట్ యాక్షన్ వంటిదే.

క్రీడాకారుల సంగతి ఇంకా సులువు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ పోటీ పడింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. 50 మీటర్ల విభాగంలో వాడే .22 రైఫిల్ కూడా ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేదే. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో సెమీ ఆటోమేటిక్‌కు చోటు లేదు. పిస్టల్ విభాగాల్లో ఉంది. కాబట్టి ఈ విశ్లేషణ అంతా బలగాలకు ఆయుధాలు ఎంచే అధికారులకు, తయారీ రంగంలోకి వస్తున్న ఇంజనీర్లకు, రక్షణ వార్తలను అర్థం చేసుకుని చదవాలనుకునే పాఠకులకు ఉద్దేశించింది.

మూడు తూటాలు, మూడు తర్కాలు

దేశంలో ప్రస్తుతం చర్చలోకి వచ్చే ప్రధాన రైఫిల్ తూటాలు మూడు. వాటి మధ్య పోలికను చాలా వ్యాసాలు బ్యారెల్ మూతి దగ్గరి అంకెలతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తాయి. ఆ అంకెలు అబద్ధం కావు కానీ సగం కథే చెబుతాయి.

7.62×51 నాటో తూటాలోని సాధారణ బుల్లెట్ సుమారు 9.5 గ్రాములు, సెకనుకు దాదాపు 840 మీటర్ల వేగంతో బయలుదేరి మూతి దగ్గర 3300 జౌల్స్ శక్తిని కలిగి ఉంటుంది. ఎస్‌ఎల్‌ఆర్ వాడింది దీన్నే. 2019లో సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చినప్పుడు తిరిగి తెచ్చుకున్నదీ దీన్నే. ఉగ్రం కూడా దీనికే. ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56×45 తూటాలోని బుల్లెట్ కేవలం 4 గ్రాములు. పొడవాటి బ్యారెల్ నుంచి సెకనుకు 930 మీటర్ల దరిదాపు వేగంతో వెళుతుంది, శక్తి సుమారు 1700 జౌల్స్. రష్యాతో 2021 డిసెంబరులో కుదిరిన ఒప్పందం కింద ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారయ్యే ఏకే-203 వాడే 7.62×39 తూటాలో బుల్లెట్ దాదాపు 8 గ్రాములు, వేగం 715 మీటర్లు, శక్తి 2000 జౌల్స్.

ఈ లెక్కన ఏకే తూటా 5.56 కన్నా బలమైనదని ఎవరైనా అంటారు. మూతి దగ్గర అది నిజమే. 300 మీటర్ల దూరానికి చేరేసరికి సన్నగా, వేగంగా వెళ్లే 5.56 బుల్లెట్ ఇంకా సెకనుకు 640 మీటర్ల వేగంతో ఉంటే, పొట్టిగా లావుగా ఉండే ఏకే బుల్లెట్ గాలి నిరోధానికి 450 మీటర్ల దగ్గరికి పడిపోతుంది. రెండింటి శక్తీ అక్కడ దాదాపు సమానమై 800 జౌల్స్ చుట్టూ ఉంటుంది. 7.62×51 మాత్రం ఆ దూరంలో ఇంకా 1900 జౌల్స్ దరిదాపు శక్తిని నిలుపుకుంటుంది. శక్తి కన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. ఏకే బుల్లెట్ ఆ దూరం చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. గాలిలో ఉన్న కాలం పెరిగేకొద్దీ భూమి దాన్ని కిందికి లాగే దూరం ఆ కాలపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. సగం సెకను ప్రయాణంలో ఏ వస్తువైనా సుమారు 1.2 మీటర్లు పడుతుంది. సమయం అందులో సగమైతే పతనం నాలుగో వంతే. అందుకే దూరాన్ని అంచనా వేయడంలో 50 మీటర్ల పొరపాటు 5.56తో పెద్దగా కనిపించదు, ఏకేతో లక్ష్యాన్ని తప్పిస్తుంది. ఏకే రైఫిళ్లకు 300 మీటర్లు, ఇన్సాస్‌కు 400, ఉగ్రంకు 500 అని చెప్పే ప్రభావ దూరాలు ఈ భౌతికశాస్త్రానికి దగ్గరగానే ఉన్నాయి.

అలాగైతే అందరూ 7.62×51నే ఎంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం మోసే మనిషి భుజం దగ్గర ఉంది. నాటో 7.62 తూటా ఒక్కోటి 24 గ్రాముల దాకా తూగుతుంది, 5.56 అందులో సగమే, ఏకే తూటా 16 గ్రాముల పైచిలుకు. అదే బరువులో 5.56 తూటాలు రెట్టింపు సంఖ్యలో మోయవచ్చు. రీకాయిల్ లెక్క ఇంకా కఠినమైనది: దాదాపు ఒకే బరువున్న రైఫిళ్లలో 7.62×51 భుజాన్ని తన్నే శక్తి 5.56తో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉంటుంది. సెమీ ఆటోమేటిక్ వల్ల వచ్చే లాభమే రెండో గురిని త్వరగా చూడగలగడం. మొదటి పేలుడుకే గురి ఆకాశం వైపు లేచిపోతే ఆ లాభంలో చాలా భాగం పోతుంది. కొత్తగా చేరిన కానిస్టేబుల్‌కు శిక్షణలో దొరికే తూటాలు పరిమితం కాబట్టి రీకాయిల్ అలవాటు కాకముందే శిక్షణ ముగిసే ప్రమాదమూ ఉంది.

1990లలో భారత సైన్యం ఎస్‌ఎల్‌ఆర్ నుంచి ఇన్సాస్‌కు మారినప్పుడు తేలికదనం వైపు మొగ్గింది; రెండు దశాబ్దాలకు సరిహద్దు దళాల కోసం మళ్లీ 7.62×51 వైపు వచ్చింది. దీన్ని చాలామంది పాత తప్పును దిద్దుకోవడంగా వర్ణిస్తారు. ఆ వర్ణన అంత సరైనది కాదు. కార్గిల్ చలిలో ఇన్సాస్ ప్లాస్టిక్ మేగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు వచ్చాయి కానీ అవి మేగజైన్ పదార్థానికి సంబంధించినవి, తూటాకు కాదు. రైఫిల్ మీద ఉన్న కోపాన్ని తూటా మీదికి మళ్లించి ‘5.56 బలహీనం’ అని తేల్చడం చర్చను పక్కదారి పట్టించింది. కొండ మీది నుంచి ఎదుటి కొండ వైపు చూసే సైనికుడికి, అబిడ్స్ సందుల్లోనో మెట్రో స్టేషన్‌లోనో కాపలా కాసే పోలీసుకు ఒకే తూటా సరిపోవాలని కోరుకోవడమే అసలు చిక్కు. నగరంలో లక్ష్యం 50 మీటర్ల లోపే ఉంటుంది; లక్ష్యాన్ని దాటి, గోడను దాటి ఎక్కడికి వెళుతుందన్నది అక్కడ మొదటి ఆలోచన కావాలి. మూతి దగ్గర 3300 జౌల్స్ ఉన్న పూర్తి లోహపు తొడుగు బుల్లెట్‌ను జనసమ్మర్దంలోకి పంపడం సమర్థన దొరకని ఎంపిక. (లక్ష్యంలో విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది, కోల్‌కతా శివార్లలోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం పేరు ప్రపంచానికి తెలిసింది ఆ వివాదంతోనే. పోలీసు బలగాలకు ఆ ప్రకటన నేరుగా వర్తించదు కాబట్టి చాలా దేశాల పోలీసులు పిస్టళ్లలో అలాంటివే వాడతారు.)

బ్యారెల్ పొడవు, మెలిక

తూటా నిర్ణయమయ్యాక బ్యారెల్ గురించి ఆలోచించాలి. వేగం గురించి తయారీదారు ఇచ్చే అంకె ఏ పొడవు బ్యారెల్‌తో కొలిచిందో చూడకుండా నమ్మకూడదు. 20 అంగుళాల బ్యారెల్‌తో సెకనుకు 930-940 మీటర్లు ఇచ్చే 5.56 తూటా 14.5 అంగుళాల కార్బైన్‌లో 50-60 మీటర్లు కోల్పోతుంది. పది అంగుళాల చిట్టి బ్యారెల్‌లో 800 కిందికి దిగుతుంది. తక్కువ బరువు బుల్లెట్‌తో వేగం మీదే ఆధారపడిన తూటాకు ఇది పెద్ద నష్టం. ఏకే తూటా మొదటి నుంచీ 415 మిల్లీమీటర్ల బ్యారెల్‌తో లెక్క కట్టినది కాబట్టి కురచ చేసినా అంత నష్టపోదు. కురచ బ్యారెల్‌లో మరో చిక్కు ఏమిటంటే, వాయు రంధ్రం దాటాక బుల్లెట్ బ్యారెల్‌లో ఉండే కాలం తగ్గుతుంది. యంత్రానికి సరిపడా వాయువు అందాలంటే రంధ్రాన్ని పెద్దది చేయాలి, అప్పుడు మళ్లీ తూటాల తేడాలకు అది మరింత సున్నితంగా మారుతుంది.

బ్యారెల్ లోపలి గాళ్ల (చెక్కిన చాళ్ల) మెలిక బుల్లెట్‌ను తిప్పి స్థిరంగా ఉంచుతుంది. ఎంత మెలిక కావాలన్నది బుల్లెట్ బరువు కన్నా దాని పొడవు మీద ఆధారపడుతుందని 1879లోనే గ్రీన్‌హిల్ సూత్రం చెప్పింది. పాత ఎం16 బ్యారెల్‌లో 12 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది, 3.6 గ్రాముల బుల్లెట్‌కు అది సరిపోయింది. తర్వాత నాటో ప్రమాణంగా తీసుకున్న 4 గ్రాముల పొడవాటి బుల్లెట్‌కు ఇంకా బిగువైన మెలిక అవసరమై 7 అంగుళాలకు ఒక చుట్టుకు మారారు. పాత బ్యారెల్‌లో కొత్త బుల్లెట్ స్థిరపడక పల్టీలు కొట్టేది. టెండర్‌లో బ్యారెల్ మెలికనూ, కొనబోయే తూటా బుల్లెట్ పొడవునూ పక్కపక్కన రాయకపోతే ఈ పాఠం ఖరీదైన రూపంలో మళ్లీ నేర్చుకోవలసి వస్తుంది.

పేర్లు దగ్గరగా ఉన్న తూటాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. .223 రెమింగ్టన్, 5.56×45 బయటి కొలతల్లో దాదాపు ఒకటే. కానీ సైనిక చాంబర్‌లో బుల్లెట్ గాళ్లను తాకేముందు ఉండే ఖాళీ ఎక్కువ. .223 చాంబర్‌లో 5.56 తూటా పేలిస్తే పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. బ్యారెల్ మీద చెక్కిన గుర్తును చదివి, తూటా అడుగున ఉన్న ముద్రతో పోల్చడం ఆయుధశాలల్లో ప్రాథమిక క్రమశిక్షణ.

హైదరాబాద్ ఎండ, హైదరాబాద్ గాలి

తూటా పట్టికలు సాధారణంగా సముద్ర మట్టం వద్ద, 15 డిగ్రీల వేడిమికి లెక్కించినవి. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు మామూలే. ఈ రెండింటినీ కలిపి లెక్క చేస్తే ఇక్కడి వేసవి గాలి సాంద్రత పట్టికలోని ప్రమాణం కన్నా సుమారు 14 శాతం తక్కువ. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల వద్ద ఆ తేడా ఆరు శాతమే. పల్చని గాలిలో బుల్లెట్ వేగాన్ని నెమ్మదిగా కోల్పోతుంది, పతనం తగ్గుతుంది. 100 మీటర్ల దగ్గర ఇది ఎవరికీ కనిపించదు. 400, 500 మీటర్ల దగ్గర చలికాలంలో సర్దుకున్న గురి వేసవిలో లక్ష్యం కన్నా పైకి వెళుతుంది.

వేడి మందు మీద కూడా పనిచేస్తుంది. వేడెక్కిన మందు వేగంగా మండి పీడనాన్ని, దానితో బుల్లెట్ వేగాన్ని పెంచుతుంది. ఎంత పెంచుతుందన్నది మందు రకాన్ని బట్టి మారుతుంది, కొన్ని ఆధునిక మందులు ఈ విషయంలో చాలా స్థిరమైనవి. ఎండలో నిలిపిన వ్యాను పెట్టెలో గంటల తరబడి ఉన్న తూటాలకు, నీడలో ఉంచిన తూటాలకు తేడా ఉంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో దాని ప్రభావం యంత్రం వేగం మీద కూడా పడుతుంది. లద్దాఖ్ చలిలో, రాజస్థాన్ ఎడారిలో పరీక్షలు జరిపే సంప్రదాయానికి కారణం ఇదే. దక్కన్ పీఠభూమి ఆ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది కాబట్టి ఇక్కడి బలగాలు దాన్ని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

.22 రైఫిల్‌లో వాతావరణం మరో దారిలో జోక్యం చేసుకుంటుంది. ధ్వని వేగం 15 డిగ్రీల వద్ద సెకనుకు 340 మీటర్లు, 42 డిగ్రీల వద్ద దాదాపు 356. పోటీ తూటాలు సాధారణంగా సెకనుకు 330 మీటర్ల దగ్గర ఉండేలా చేస్తారు, ఎందుకంటే ధ్వని వేగాన్ని దాటి వెళ్లిన బుల్లెట్ తిరిగి దాని కిందికి దిగేటప్పుడు చెదిరిపోతుంది. 380 మీటర్ల వేగపు ‘హై వెలాసిటీ’ తూటా సెమీ ఆటోమేటిక్ .22 యంత్రాన్ని చక్కగా నడుపుతుంది కానీ లక్ష్యం చేరేలోపే ఆ గీతను దాటుతుంది. యంత్రం కోరేది ఒకటి, గురి కోరేది ఇంకొకటి.

అంకెల వెనుక నిలకడ

వేగం ఎంత అన్నదాని కన్నా ప్రతి తూటా ఒకే వేగంతో వెళుతోందా అన్నది పెద్ద ప్రశ్న. చిన్న లెక్క చూద్దాం. .22 తూటాల్లో ఒకటి సెకనుకు 330 మీటర్లతో, మరొకటి 320 మీటర్లతో బయలుదేరితే 50 మీటర్ల దగ్గర రెండింటి మధ్య నిలువు తేడా సుమారు ఏడు మిల్లీమీటర్లు. ఆ దూరంలో ఒలింపిక్ టార్గెట్ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. షూటర్ చేతిలో ఏ లోపం లేకపోయినా తూటా ఒక్కటే పతకాన్ని తారుమారు చేయగలదు. సైనిక తూటాల్లో సహించే తేడా ఎక్కువే అయినా సూత్రం మారదు.

కచ్చితత్వాన్ని కోణంలో కొలుస్తారు. ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. మూడు బుల్లెట్ల గుంపు చూపించి ‘ఒక్క నిమిషం రైఫిల్’ అని ప్రకటించే అలవాటు ప్రపంచమంతటా ఉంది. ఒకే రైఫిల్, ఒకే తూటాతో పది బుల్లెట్లు పేలిస్తే గుంపు సగటున మూడు బుల్లెట్ల గుంపు కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా విస్తరిస్తుంది. ఇది గణాంక శాస్త్ర నియమం, తయారీ లోపం కాదు. కొనుగోలు పరీక్షలో ఎన్ని బుల్లెట్ల గుంపు, ఎన్ని గుంపులు, బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్న మూడు వివరాలు లేని కచ్చితత్వపు అంకెకు విలువ ఇవ్వనవసరం లేదు. విశ్వసనీయత పరీక్షకూ ఇదే వర్తిస్తుంది: వంద తూటాలు జామ్ కాకుండా పేలడం శుభసూచకమే కానీ వెయ్యి తూటాలకు ఎన్ని అంతరాయాలు, అవి మేగజైన్ వల్లనా తూటా వల్లనా వాయు వ్యవస్థ వల్లనా అని విడదీయని నివేదిక ఎవరికీ ఉపయోగపడదు. ఆయుధాలను సంరక్షించే అనుభవజ్ఞులైన ఆర్మరర్లు మేగజైన్లకు నంబర్లు వేసి ఉంచుకోవడం దీనికోసమే; జామ్‌లలో చాలా భాగం రెండు మూడు మేగజైన్ల దగ్గరే తేలుతుంది.

తూటాల తయారీ, ఆయుధాల తయారీ దేశంలో వేర్వేరు చేతుల్లో ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు మందుగుండు మ్యునిషన్స్ ఇండియాకు, చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న మరో కంపెనీకి వెళ్లాయి. ఇప్పుడు ప్రైవేటు సంస్థలూ రెండు వైపులా వస్తున్నాయి. రైఫిల్‌ను ఒక సంస్థ, తూటాను మరో సంస్థ ఇచ్చినప్పుడు జామ్‌కు బాధ్యులెవరన్న వాదన మొదలవుతుంది. ఒప్పందంలోనే రెండింటినీ కలిపి పరీక్షించే నిబంధన పెట్టుకోవడం దానికి విరుగుడు.

ఆ నిబంధన కొనుగోలు రోజుతో ముగిసిపోకూడదు. ప్రతి తూటా పెట్టె మీద లాట్ నంబరు ఉంటుంది. ఒక లాట్‌లోని మందు, ప్రైమర్, బుల్లెట్ ఒకే విడతలో తయారైనవి. లాట్ మారితే వేగం మారవచ్చు, వేగం మారితే గురి తప్పవచ్చు. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ కొన్ని రైఫిళ్లతో క్రోనోగ్రాఫ్ మీద వేగం కొలిచి, వంద మీటర్ల దగ్గర పది బుల్లెట్ల గుంపు తీసి, జీరో (గురికి సర్దిన స్థానం) కదిలితే యూనిట్ అంతటా మళ్లీ సర్ది, ఆ ఫలితాన్ని లాట్ నంబరుతో సహా ఆయుధాల రిజిస్టరులో రాయాలి. ఇందుకు పట్టేది ఒక ఉదయం, కొన్ని డజన్ల తూటాలు.